అవతలికి మడిచిన విస్తరి

కార్తీకమాసం మొదలైన వారానికి మా మరిది సుధాకర్ ఫోన్ చేశాడు. ఆదివారం కొండకి వ్యాను మాట్లాడానన్నాడు. వంటలెవరెవరు చెయ్యాలో అడిగాడు. పెట్టెయ్యబోతూ ఆగి, "వదినా, బక్కెట్టు ఎవరు తెస్తారు?" అన్నాడు. బక్కెట్టు తెచ్చే మనిషి ఎండాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. నేను తెస్తాలే అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో నడుం నొప్పి గుర్తొచ్చింది.

బక్కెట్టంటే ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిపోయిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉసిరి మొక్క. వనభోజనమంటే ఉసిరిచెట్టు నీడన తినాలి కదా. మాది సముద్రం వైపు, కోట అనే ఊరి పక్కన పల్లె. చుట్టూ రొయ్యల గుంటలు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు. మా నేలలో ఉసిరి బతికి బట్టకట్టదు. అందుకని మా ఇంటి వాళ్ళు తాతల నాటి నించీ కార్తీకంలో ఒకరోజు గూడూరు దాటి, రాపూరు మీదుగా వెలిగొండల్లోకి పోతారు. ఇప్పుడది అభయారణ్యం. గేటుంది, కాపలా ఉంది, బోర్డు నిండా చెయ్యకూడని పనులున్నాయి. ఆ బోర్డు ముందు నిలబడి మా వాళ్ళు ఫోటోలు దిగుతారు గానీ, దాని మీద ఏం రాసుందో ఒక్కరూ చదవరు.

చదివిన మనిషి ఒక్కడే. మా మామగారి అన్న, అంటే నాకు పెద్దమామ. ఊరు ఊరంతా ఆయన్ని రూల్సాయన అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, పోను పోను మొహం మీదే అనడం అలవాటైంది. ఆయన పలికేవాడు కూడా.

ఉసిరిచెట్టు వెతుక్కుంటూ జనం గేటు దాటి లోపలికి లోపలికి పోతున్నారనీ, అన్ని అనర్థాలకూ అదే మొదలనీ ఆయన తేల్చాడు. చెట్టు కోసం మనం పోకుండా, చెట్టునే వెంట తెచ్చుకుంటే గేటు దగ్గర కట్టిన సిమెంటు అరుగు మీదే కూర్చుని తినొచ్చు. అలా మొదలైంది బక్కెట్టు. వ్యానులో డ్రైవరు పక్క సీట్లో ఆయన, ఆయన ఒళ్ళో ఉసిరి మొక్క. ఆకులు డ్రైవరు చెవికి తగులుతుంటే అతను దారి పొడుగునా విసుక్కునేవాడు. మొక్క ఎదిగిపోతే కొనలు తుంచేవాడు గానీ నేలలో నాటేవాడు కాదు. బోరు నీళ్ళు పడవని, మేము డబ్బులిచ్చి తెచ్చుకునే తాగే నీళ్ళ క్యానులోంచి ఒక చెంబు దానికి పోసేవాడు. ఆ మొక్క మా కన్నా మంచినీళ్ళు తాగిందని ఆయన భార్య, మా పెద్దత్త, నవ్వేది.

పంచె కట్టి, దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవాడు. చెప్పులతో ఎవరైనా వస్తే వ్యాను కదలనిచ్చేవాడు కాదు. రాళ్ళ మీద పాచి ఉంటుంది, ఎండుటాకుల కింద ఏముంటుందో కనబడదు, చెయ్యి పెట్టే ముందు చూడు, కాలు పెట్టే ముందు చూడు. కవర్లు తేవద్దు. సౌండు బాక్సు తేవద్దు. కోతికి పెట్టొద్దు, కోతి చూస్తుండగా తినొద్దు. ఇంటి దగ్గర ఉండిపోయే వాళ్ళకి, చీకటి పడే లోపల మేము రాకపోతే గేటుకి ఫోన్ చెయ్యండని చెప్పి మరీ ఎక్కేవాడు, లోపల మన ఫోన్లు పనిచెయ్యవు కాబట్టి. ఇదంతా పోయిన ఏడు చెప్పిందే, అంతకు ముందేడు చెప్పిందే. చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. కొన్ని ఆయన సొంత పైత్యాలు కూడా కలిసేవి. ఎర్రచీర కట్టొద్దనేవాడు. మల్లెపూలు పెట్టుకుంటే తేనెటీగలు వస్తాయని మా తోటికోడలి జడలోంచి పూలు తీయించాడొకసారి. పిల్ల మూడు రోజులు మాట్లాడలేదు.

దీపం సంగతి కూడా చెప్పాలి. అడవిలో నిప్పు వెలిగించకూడదు. ఉసిరి కింద దీపం పెట్టకుండా ఆడవాళ్ళు ఒప్పుకోరు. గేటు దగ్గర కాపలా మనిషిని బతిమాలి, బక్కెట్లో మట్టి మీద, సిమెంటు అరుగు మీదే, ఒక్క ప్రమిద పెట్టనిచ్చేవాడు. నూనె మాత్రం తనే పోసేవాడు, చెంచాతో తడిపినట్టు. దీపాన్ని మనం ఆర్పకూడదు కదా, అందుకని అది కొండెక్కిందాకా దాని పక్కనే గొంతుక్కూర్చునేవాడు. అంత పిసినారి దీపం నేనెక్కడా చూడలేదు.

తలలు లెక్కపెట్టేవాడు కాదు. మనుషుల్ని లెక్కపెడితే దిష్టి అని పెద్దత్త కోప్పడేదట. అందుకని వ్యాను ఎక్కినప్పుడూ దిగినప్పుడూ అందరికీ వినబడేటట్టు ఒకటే అడిగేవాడు. "నీ పక్కనోళ్ళు ఉండారా?" ఎవరికి వాళ్ళు పక్కకి చూసి, ఉన్నారని చెప్పాలి. పిల్లలు కావాలని లేరు లేరు అని అరిచేవాళ్ళు. ఆయన మళ్ళీ మొదటి నించీ అడిగేవాడు. తల ప్రాణం తోకకొచ్చేది.

ఇంత చాదస్తం ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన ఆఖరి తమ్ముడు, పెళ్ళీడుకొచ్చిన వాడు, ఆ కొండ వాగులోనే ఇలాంటి వనభోజనం నాడే కొట్టుకుపోయాడు. నేను కాపరానికి రాక ముందు మాట. అప్పటి నించీ ఆయనకి కావలసింది ఒక్కటే. పొద్దున వ్యాను ఎక్కిన వాళ్ళంతా సాయంత్రం దిగాలి. కొండకి పోవడమే మానెయ్యొచ్చు కదా అంటే, నేను మానేస్తే మీరు మానతారా అనేవాడు. మేము మానం. అది ఆయనకి తెలుసు.

మా వాళ్ళకున్న జబ్బేమిటంటే ఇసుక. సముద్రం పక్కన పుట్టి పెరిగిన వాళ్ళం, మెత్తటి ఇసుక కనబడితే చాప పరచకుండా ఉండలేం. మా తీరంలో ఇసుకంటే నమ్మకమైన చోటు. పోటు ఎప్పుడొస్తుందో, ఎంత మేరకొస్తుందో చిన్నపిల్ల కూడా చెబుతుంది. కొండవాగులో కూడా అలాంటి ఇసుకే ఉంటుంది, తెల్లగా, చల్లగా, మధ్యలో పాదం తడిసేంత నీళ్ళతో. పైన ఎండ కాస్తూ ఉంటుంది. ఎక్కడో కొండ వెనక వాన పడుతుంటే ఆ నీళ్ళు చెప్పాపెట్టకుండా ఇక్కడికొస్తాయంటే మా వాళ్ళకి బుర్రకెక్కదు. నీళ్ళ గురించి మాకెవరు చెప్పాలన్నట్టు చూస్తారు.

కొన్నేళ్ళ కిందట ఒక కార్తీకంలో కూడా అంతే. అరుగు మీద ఎండగా ఉంది, కోతుల గోల, ఇసుకలోకి పోదామని అందరూ ఒక్కటయ్యారు. పెద్దమామ వద్దని చెప్పి చెప్పి ఓడిపోయి, బక్కెట్టు మోసుకుని వెనకాలే దిగాడు. విస్తళ్ళు వేశాం. ఆయన పంక్తిలో ఎప్పుడూ చివరనే కూర్చునేవాడు, నీళ్ళు వచ్చే వైపు మొహం పెట్టి. మాట్లాడే వాళ్ళ వైపు తిరిగేవాడు కాదు. అందరి కన్నా పెద్దాయన కాబట్టి ఆయన ముద్ద పెట్టాకే మిగతా వాళ్ళు మొదలుపెట్టాలి, ఆయన లేచాకే లేవాలి. మా ఇళ్ళల్లో ఇప్పటికీ అంతే.

నేను దప్పళం వడ్డిస్తున్నాను. మగవాళ్ళ పంక్తి లేస్తే తప్ప మాకు తిండి లేదు. పొద్దున్నించీ మంచినీళ్ళతో ఉన్నాను, కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన ఉన్నట్టుండి తినడం ఆపాడు. నీళ్ళు పలచటి టీ రంగుకి తిరిగాయి. చిన్న చిన్న పుల్లలు, ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. "లెయ్యండి," అన్నాడు. ఎవరూ లేవలేదు. పెద్దాయన కూర్చునే ఉన్నాడు కదా, ఎవరు లేస్తారు. సుధాకర్ పులిహోర మారు అడిగాడు. ఇంకోసారి లెయ్యమన్నాడు. మా మామగారు, తిననీ అన్నా, అని విసుక్కున్నారు.

అప్పుడాయన విస్తరి మడిచాడు. సగం అన్నం అందులో ఉండగానే మడిచాడు. అది కూడా ఇవతలికి కాదు, అవతలికి.

మా వైపు శుభమైన భోజనం తిన్నాక విస్తరి మన వైపుకి మడుస్తాం. అవతలికి మడిచేది చావింట్లో తిన్నప్పుడే. పంక్తికి పెద్దాయన అలా మడిచాక ఇంకొక ముద్ద ఎవరి నోట్లోకీ పోదు. అందరూ ఒక్కసారిగా లేచారు. తిట్టుకుంటూ, చేతులు విదిలించుకుంటూ లేచారు. పెద్దత్త ముక్కున వేలేసుకుని నిలబడిపోయింది. డేక్సాలు, పిల్లలు, చాపలు పట్టుకుని గట్టెక్కి కూర్చున్నాం.

వరద రాలేదు. వాగు కాసేపు టీ రంగులో పారి, మళ్ళీ తేటపడింది. మేము కూర్చున్న ఇసుక ఇసుకలాగే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆకలి ఒకటి, అశుభం ఒకటి. తిరుగు దారిలో వ్యానులో ఒక్కరూ ఆయనతో మాట్లాడలేదు. నీ పక్కనోళ్ళు ఉండారా అని అడిగితే ఎవరూ బదులు కూడా చెప్పలేదు. ఆయనే ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ సీట్ల మధ్య నడిచాడు.

ఆ తర్వాత మూడు నెలలకి, మాఘంలో, పెద్దత్త పోయింది. ఆవిడది ఎప్పటి నించో గుండె జబ్బు, నెల్లూరులో చూపిస్తూనే ఉన్నారు. కానీ కర్మ నాడు వంటల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు జబ్బు మాట ఎత్తలేదు. శుభమా అని అందరూ తింటా ఉంటే విస్తరి అవతలికి మడిస్తే ఇంకేమవుతాది, ఇంటి మీదికి తనే పిలుచుకున్నాడని అన్నారు. ఆయనకి వినబడింది. వినబడేటట్టే అన్నారు. ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, పక్కనున్న కాన్వాసు బూటు తాడు విప్పి మళ్ళీ కట్టాడు.

నిజం చెప్పాలంటే నాకూ లోపల అనుమానం కలిగింది. ఇలాంటివి నమ్మనంటాను గానీ, నమ్మకపోవడానికి కూడా ఓపిక కావాలి.

మరుసటేడు ఆయన రాడనుకున్నాం. వచ్చాడు. తెల్లవారకముందే బక్కెట్టుతో వ్యాను దగ్గర నిలబడి, చెప్పులేసుకొచ్చిన వాళ్ళని వెనక్కి పంపిస్తున్నాడు. సుధాకర్, ఏంది పెదనాయనా, ఈ ఏడు వరద ఎన్నింటికి అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. ఆయన వెనక సీట్లో ఎవరూ కూర్చోకపోతే నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే జాలి అని చెప్పుకోవచ్చు, కానీ అసలు సంగతి నాకు కడుపులో ఉన్నది అడిగెయ్యాలని. గూడూరు దాటాక అడిగాను. లెమ్మంటే లేచేవాళ్ళం కదా మామా, అట్లా ఎందుకు మడిచినావని.

"యాడ లేచినారమ్మాయ్," అన్నాడు. "లెమ్మంటే లేవరు. నీళ్ళకి భయపడరు. అశుభానికైతే భయపడతారు."

ఉసిరి ఆకులు రాలి పంచె మీద పడితే ఏరుకున్నాడు. అప్పుడు చెప్పాడు, తమ్ముడి సంగతి. ఆ రోజు తమ్ముడు వాగు మధ్యలో కూర్చుని డేక్సా తోముతున్నాడట. ఈయన పంక్తిలో ఉన్నాడు. నీళ్ళ రంగు మారడం ఈయన చూశాడు. అందరి కన్నా ముందు చూశాడు.

"లేద్దామనుకున్నా. మా తాత ఇంకా మజ్జిగన్నం కలుపుకుంటా ఉండాడు. ఆయన లెయ్యకుండా నేనెట్టా లేచేది? ఆ ముద్ద అయిపోనీ అని కూర్చున్నా," అన్నాడు.

ఆ తాత మజ్జిగన్నం తిన్న ఆ కాసేపే ఈయన్ని జన్మంతా పట్టుకుంది. మళ్ళీ ఆయనే అందుకున్నాడు. పెద్దత్త గుండె జబ్బుతోనే పోయిందని తనకి తెలుసన్నాడు. వాళ్ళనే మాట కూడా నిజమేనేమో అని ఒక్కోసారి అనిపిస్తుందన్నాడు. "అయినా సరే, మళ్ళా నీళ్ళు మారితే మళ్ళా అట్నే మడుస్తా," అన్నాడు.

మళ్ళీ మడవాల్సిన పని ఆయనకి పడలేదు. బతికినన్నాళ్ళూ ఏటా బక్కెట్టు తెచ్చాడు, ఏటా అవే మాటలు చెప్పాడు, ఏటా నవ్వించుకున్నాడు. ఆయన బక్కెట్టు మోసినన్నాళ్ళూ కొండ నించి ఒక్క మనిషి కూడా తక్కువై రాలేదు. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. ఏమీ జరగని దాని గురించి ఎవరు చెప్పుకుంటారు.

ఈ ఏడు బక్కెట్టు నా ఒళ్ళో ఉంది. అంత బరువని నాకు తెలీదు. ఆకులు డ్రైవరుకి తగులుతున్నాయి, అతను విసుక్కుంటున్నాడు. నేను చెప్పుల సంగతి చెప్పాను, కవర్ల సంగతి చెప్పాను, సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. రూల్సాయన పోతే రూల్సమ్మ వచ్చిందని సుధాకర్ అన్నాడు. కోప్పడే ఓపిక కూడా లేకపోయింది.

అరుగు దగ్గరికి పోయేసరికి వేరే ఊళ్ళ వాళ్ళతో నిండిపోయి ఉంది. గేటు దగ్గర కాపలా ఉన్న కుర్రవాడు, కొండ మీద మబ్బుంది వాగులోకి దిగొద్దు, కాసేపట్లో అరుగు ఖాళీ అవుతుంది ఉండండి అన్నాడు. సుధాకర్ పైకి చూశాడు, నెత్తి మీద ఎండ. పిల్లలు ఆకలంటున్నారు. మా ఆయనకి శ్రావణంలోనే గుండెకి స్టెంటు వేశారు, ఎక్కువసేపు నిలబడకూడదు, మాత్ర వేసుకునే వేళ దాటిపోతోంది. సరే ఒక్క అరగంటేగా అన్నాను. ఇసుకలో చాపలు పరిచారు.

ఇప్పుడు పంక్తులు మారాయి. పెద్దవాళ్ళం ఆడా మగా కలిసి ముందు కూర్చుంటే కోడళ్ళు వడ్డిస్తున్నారు. మా మామగారూ వాళ్ళూ అందరూ కాలం చేశారు. మా ఆయనా నేనూ ఇప్పుడు పంక్తికి పెద్దలం. నేను చివర కూర్చున్నాను, నీళ్ళొచ్చే వైపు మొహం పెట్టి. అలా కూర్చోవాలని అనుకోలేదు, కూర్చున్నాక చూసుకున్నాను. నా పక్కన మా ఆయన. పప్పన్నం అయింది. పులిహోర అయింది. పరమాన్నం వడ్డిస్తున్నారు.

నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఒక ఎండుటాకు వచ్చింది, తర్వాత రెండు పుల్లలు.

లేద్దామా అన్నాను. మా ఆయనకి వినబడలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. పరమాన్నం తిని లేద్దాంలే వదినా అన్నాడు సుధాకర్. కింద, నీళ్ళ అంచున, అతని కూతురు గిన్నె కడుగుతోంది. నేను మా ఆయన వైపు చూశాను. చొక్కా పై గుండీ విప్పుకుని, నెమ్మదిగా నములుతున్నాడు. డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తినడం నేర్చుకున్నాడు పాపం. పెద్దత్త కర్మ నాడు వంటల దగ్గర విన్న మాటలన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి. దేవుడా, ఇది నా చేత చేయించకు అనుకున్నాను.

విస్తరి అవతలికి మడిచాను.

కోడళ్ళ చేతుల్లో గరిటెలు ఆగిపోయాయి. మా ఆయన నా చేతి వైపు చూశాడు, తర్వాత నా మొహం వైపు. నోట్లో ముద్ద మింగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు. ఆయన లేవగానే అందరూ లేచారు. సుధాకర్ ఏదో గొణుక్కుంటూ పోయి కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. గట్టెక్కాక కూడా నేను ఆగనివ్వలేదు. గేటు దాకా నడిపించాను, ఒక చేత్తో బక్కెట్టు, ఒక చేత్తో మా ఆయన మోచెయ్యి. తిట్టే వాళ్ళు తిడుతున్నారు. తిట్టనీ అనుకున్నాను.

అరుగు అప్పటికి ఖాళీ అయింది. మా ఆయన అందరికన్నా ముందు పోయి కూర్చుని, నాకొక విస్తరి వేసి, పరమాన్నం పెట్టమని కోడలితో చెప్పాడు. రెండు ముద్దలు తిన్నాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా విస్తరి ఆయనే మడుస్తున్నాడు, ఇవతలికి. ఎప్పుడూ తన విస్తరి కూడా తను తియ్యని మనిషి.

వ్యాను ఎక్కాక సీట్ల మధ్య నిలబడి అడిగాను. "నీ పక్కనోళ్ళు ఉండారా?"

ఒకరి తర్వాత ఒకరు ఉన్నారని చెప్పారు. సుధాకర్ కూతురు నిద్రపోయింది, అతను దాని తల మీద చెయ్యి వేసి, ఉందన్నాడు. తర్వాత, కోపం ఇంకా చల్లారక, అడిగాడు.

"ఇంతకీ ఆ నీళ్ళు వచ్చినాయా వదినా?"

నాకు తెలీదన్నాను. చూడ్డానికి అక్కడ మన వాళ్ళెవరూ లేరు కదా అన్నాను.